సైన్యంలో భాషా ఉద్యోగమా, కాంట్రాక్టు దుబాసీ పనా? అమెరికాలో రెండింటి జీతాల లెక్క

ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికా సేనలున్న రోజుల్లో, పష్తో బాగా తెలిసిన అమెరికా పౌరులకి కాంట్రాక్టు కంపెనీలు ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటిన జీతాలు ప్రకటించాయి. అదే శిబిరంలో అదే భాష వింటూ కూర్చున్న స్పెషలిస్టు ర్యాంకు సైనికుడికి 2010 ప్రాంతంలో మూల వేతనం నెలకి రెండు వేల డాలర్ల చుట్టూ ఉండేది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే సైన్యంలో చేరేవాళ్ళకి లెక్కలు రావేమో అనిపిస్తుంది.

నాకు అలా అనిపించదు. కాంట్రాక్టు కంపెనీ డబ్బు పెట్టేది ఒక్క భాషకే కాదు. భాష, పౌరసత్వం, సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) మూడూ సిద్ధంగా ఉండి, పిలిచిన నెలలో విమానం ఎక్కగల మనిషికి ఆ రేటు కడుతుంది. సైన్యం అలా కాదు. భాష రాకపోతే నేర్పిస్తుంది, క్లియరెన్స్ తన ఖర్చుతో తెప్పిస్తుంది, బదులుగా మీ ఐదారేళ్ళు రాయించుకుంటుంది. అందుకే ఏది ఎక్కువ ఇస్తుంది అని అడిగే ముందు, ఆ మూడింట్లో మీ దగ్గర ఇప్పటికే ఏవి ఉన్నాయో చూసుకోవాలి. జవాబు సగం అక్కడే తేలిపోతుంది.

సైనికుడి జీతం ఎలా కూడుతుంది

సైన్యంలో జీతం ఒక్క ముక్కగా రాదు. మొదటిది మూల వేతనం. అది ర్యాంకునీ సర్వీసు కాలాన్నీ బట్టి ఉంటుంది. మీరు అరబిక్ వింటారా, లారీ నడుపుతారా అన్నదానితో దానికి పని లేదు. 2025 జనవరిలో అందరికీ 4.5 శాతం పెంచారు, ఏప్రిల్లో కింది ర్యాంకులకి ఇంకో 10 శాతం కలిపారు. ఆ పట్టిక ప్రకారం నాలుగు నెలలు నిండిన ఇ-1 (అన్నిటికంటే కింది జీతపు మెట్టు) సైనికుడికి నెలకి 2,319 డాలర్లు. ఇ-4 అయితే మొదట్లో 3,027, మూడేళ్ళు దాటాక సుమారు 3,355. ఏటా జనవరిలో పట్టిక మారుతుంది కాబట్టి మీరు చేరే ఏడాది అంకెలు చూసుకోండి.

మన ఇళ్ళలో చాలామంది పిల్లలు డిగ్రీ పూర్తయ్యాకే ఇలాంటి ఆలోచన చేస్తారు. డిగ్రీతో ఆర్మీలో చేరితే నేరుగా ఇ-4గా తీసుకునే వీలుంది. అది చిన్న లాభం కాదు, రెండేళ్ళ ప్రమోషన్లు ముందే వచ్చినట్టు. డిగ్రీ ఉంది కదా, ఆఫీసరుగా చేరి భాషా పని చేద్దాం అనుకుంటే మాత్రం దారి తప్పినట్టే. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వినడం, రాయడం, అనువదించడం ఎన్‌లిస్టెడ్ వాళ్ళ (ఆఫీసర్లు కాని సైనికుల) పని. ఆఫీసర్లు ఆ విభాగాలని నడిపిస్తారు, అంతే.

రెండోది అలవెన్సులు. బయట ఇల్లు తీసుకొని ఉండేవాళ్ళకి ఇంటి అలవెన్స్ వస్తుంది. అది ఉండే ఊరి జిప్ కోడ్‌ని, ర్యాంకుని, భార్యాపిల్లలు ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. తిండికి 2025లో ఎన్‌లిస్టెడ్ వాళ్ళకి నెలకి 465 డాలర్ల పైచిలుకు. ఈ రెండింటి మీదా పన్ను లేదు, సోషల్ సెక్యూరిటీ కోత కూడా లేదు. పెళ్ళికాని కొత్త సైనికులు బ్యారక్స్‌లో ఉంటారు కాబట్టి వాళ్ళకి ఇంటి అలవెన్స్ చేతికి రాదు. రిక్రూటర్ చూపించే మొత్తం జీతం కాగితంలో ఇది కలిపి ఉందో లేదో గమనించాలి. ఇరవై రెండేళ్ళ ఒంటరి మనిషికి ఆ కాగితంలో కనిపించే డబ్బులో మూడో వంతు గది రూపంలోనే అందుతుంది.

మూడోది భాషకంటూ ఇచ్చేది. భాషా నైపుణ్య బోనస్ అని పేరు, నెలనెలా జీతంతో వస్తుంది. ఒక భాషకి గరిష్ఠం నెలకి 500 డాలర్లు, ఎన్ని భాషలు వచ్చినా మొత్తం 1,000 దాటదు, అంటే ఏడాదికి 12,000. ఎంత వస్తుందనేది పరీక్షలో వచ్చిన స్థాయిని బట్టి. వినడం, చదవడం విడివిడిగా పరీక్షిస్తారు, సున్నా నుంచి ఐదు దాకా ఉండే ప్రభుత్వ కొలమానం మీద స్థాయి ఇస్తారు. సాధారణంగా ఏడాదికోసారి మళ్ళీ రాయాలి. 3 వచ్చినవాడు మరుసటి ఏడు 2కి పడితే ఆ నెల నుంచే డబ్బు తగ్గుతుంది. పరీక్ష రోజు టెన్షన్ ఎందుకంత ఉంటుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏ భాషలకి డబ్బివ్వాలో సైన్యం జాబితాలు వేసుకుంటుంది, అవసరాన్ని బట్టి మారుస్తూ ఉంటుంది. ఇంట్లో మాట్లాడే భాష ఏదైనా సరే బోనస్ వస్తుందనుకోకండి. మీ భాష పేరు చెప్పి, ఈ ఏడాది జాబితాలో ఉందా, ఏ ఉద్యోగంలో ఉంటే ఇస్తారు అని రిక్రూటర్‌ని అడిగి కాగితం మీద చూపించమనండి.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. మూడేళ్ళు దాటిన ఇ-4, పెళ్ళయింది, బయట ఉంటున్నాడు. మూల వేతనం 3,355. భాషా బోనస్ 400 అనుకుందాం, ఇంటి అలవెన్స్ 2,000 అనుకుందాం, తిండికి 466. మొత్తం నెలకి 6,221, ఏడాదికి సుమారు 74,600. ఇందులో 29,600 దాకా పన్ను లేని డబ్బు. అదే నికరం చేతికి రావాలంటే బయట ఉద్యోగంలో 80,000 పైన జీతం ఉండాలి. పైగా కుటుంబానికి వైద్యం దాదాపు ఉచితం, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు. అమెరికాలో దుబాసీలు, అనువాదకుల మధ్యస్థ వార్షిక వేతనం కార్మిక గణాంకాల సంస్థ లెక్కల్లో 2023 మే నాటికి 57,090 డాలర్లు. దానితో పోలిస్తే మూడేళ్ళ సైనికుడు వెనకబడి ఏమీ లేడు.

పెన్షన్‌ని మాత్రం ఈ లెక్కలో కలపొద్దని నా సలహా. 2018 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో 20 ఏళ్ళు చేస్తే ఎక్కువ జీతం వచ్చిన మూడేళ్ళ సగటు మూల వేతనంలో 40 శాతం వస్తుంది. కానీ ఇరవై ఏళ్ళూ ఉండేవాళ్ళు తక్కువ. మొదటి ఒప్పందం అయ్యాక వెళ్ళిపోయేవాడి చేతికి వచ్చేది పొదుపు ఖాతాలో ప్రభుత్వం కలిపిన 5 శాతం దాకా వాటా, చదువు ఖర్చు భరించే జీఐ బిల్. ఈ రెండోది 36 నెలల చదువుకి సరిపోతుంది, చదువుకునే కాలంలో ఇంటి ఖర్చుకి కూడా డబ్బు వస్తుంది. మాస్టర్స్ చేయాలనుకునేవాడికి ఇదొక్కటే బోనస్‌లన్నిటినీ మించిపోవచ్చు.

మాంటెరీ చదువుకి ఖరీదు కట్టాలి

చాలా పోలికల్లో కనపడనిది ఈ భాగమే. కాలిఫోర్నియాలోని మాంటెరీలో రక్షణ శాఖ భాషా సంస్థ ఉంది. 1941 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో జపనీస్ నేర్పడానికి రహస్యంగా మొదలైన చిన్న ఆర్మీ బడి అది. మొదటి విద్యార్థుల్లో దాదాపు అందరూ జపాన్ మూలాలున్న అమెరికన్లే. ఇప్పుడక్కడ స్పానిష్‌కి 36 వారాలు, రష్యన్, పర్షియన్ లాంటివాటికి 48 వారాలు, అరబిక్, చైనీస్, కొరియన్, జపనీస్ లాంటివాటికి 64 వారాలు. రోజంతా క్లాసులు, సాయంత్రం హోంవర్కు, ఆపైన సైనిక విధులు. మామూలు కాలేజీలో నాలుగేళ్ళు చదివినా రాని స్థాయి సుమారు పదిహేను నెలల్లో తెప్పించడం వాళ్ళ లక్ష్యం.

ఆ పదిహేను నెలలూ మీకు జీతం వస్తుంది. అదే చదువు బయట కొనాలంటే ఎంతవుతుందో, పైగా ఆ కాలంలో సంపాదన లేకుండా ఎలా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. సైన్యం ఇచ్చే అసలు జీతం ఇదేనని నేననుకుంటాను. నెలనెలా వచ్చేది దాని వడ్డీ.

దీనికి మరోవైపు కూడా ఉంది. చేరే ముందు భాష నేర్చుకునే సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష రాయాలి. అందులో ఎక్కడా లేని భాషని కల్పించి, దాని వ్యాకరణ సూత్రాలు పట్టుకోమంటారు. తేలిక భాషలకి 95 మార్కులు, కష్టమైనవాటికి 110 కావాలి. కానీ ఏ భాష నేర్చుకోవాలో మీరు నిర్ణయించరు, అవసరాన్ని బట్టి సైన్యం నిర్ణయిస్తుంది. ఇంట్లో హిందీ వచ్చినవాడిని కొరియన్ క్లాసులో కూర్చోబెట్టడం అక్కడ వింత కాదు. మధ్యలో తట్టుకోలేక ఫెయిలైతే ఒప్పందం రద్దు కాదు, మిగతా ఏళ్ళు వేరే ఉద్యోగంలో వేస్తారు. భాష కోసమని సంతకం పెట్టినవాడు ఆరేళ్ళూ ఇంకేదో పని చేసి బయటికొచ్చే ప్రమాదం నిజమైనదే. మాంటెరీ అయిపోయాక టెక్సాస్‌లోని గుడ్‌ఫెలో వైమానిక స్థావరంలో వృత్తి శిక్షణ ఉంటుంది. ఆ తర్వాతే అసలు పోస్టింగ్.

పోస్టింగ్ వచ్చాక కూడా భాష ఎంత వాడతారన్నది అదృష్టం. నిఘా సంస్థ ఎన్ఎస్ఏ ఉండే మేరీల్యాండ్‌లోని ఫోర్ట్ మీడ్‌లో పడితే రోజూ అదే పని. ఏదో యుద్ధ విభాగంలో పడితే వాహనాలు తుడవడం, కాపలా, మైదానంలో విన్యాసాలు. భాష వారానికి రెండు గంటలు కూడా తగలకపోవచ్చు. అప్పుడు బోనస్ నిలబెట్టుకోవాలంటే సొంత సమయంలో చదువుకోవాల్సిందే.

కాంట్రాక్టు అంటే ఒకటే రకం కాదు

కాంట్రాక్టు దుబాసీ జీతం ఎంత అని వెతికితే గంటకి పాతిక డాలర్ల నుంచి ఏడాదికి రెండు లక్షల దాకా అన్నీ కనిపిస్తాయి. అన్నీ నిజమే. తేడా చేసేది క్లియరెన్స్, పనిచేసే చోటు.

సైన్యానికి దుబాసీలని ఇచ్చే కాంట్రాక్టుల్లో మూడు తరగతులుంటాయి. ఒకటో తరగతికి క్లియరెన్స్ అక్కర్లేదు; యుద్ధం జరిగే దేశంలోని స్థానికులు ఎక్కువగా ఇందులోనే. రెండో తరగతికి అమెరికా పౌరసత్వం, సీక్రెట్ క్లియరెన్స్ కావాలి. మూడో తరగతికి టాప్ సీక్రెట్, దాని మీద ప్రత్యేక అనుమతులు. మాంటెరీలో భాషల కష్టాన్ని బట్టి చెప్పే కేటగిరీలు వేరు, ఇవి వేరు. రెండింటినీ కలిపేసి, కేటగిరీ మూడు భాష వచ్చు కాబట్టి కేటగిరీ మూడు జీతం అడుగుతాను అనేవాళ్ళు ఉంటారు. ఇంటర్వ్యూలో అది బాగుండదు.

ఒకటో తరగతికీ మూడో తరగతికీ మధ్య జీతం తేడా చెప్పుకోడానికే ఇబ్బందిగా ఉంటుంది. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల్లో గస్తీ దళాలతో వీధుల్లో నడిచి ఎక్కువ ప్రమాదం మోసింది స్థానిక దుబాసీలు. వాళ్ళకి నెలకి వందల డాలర్లలో ఇచ్చారు. స్థావరం లోపల ఏసీ గదిలో పత్రాలు చదివిన క్లియరెన్స్ వాళ్ళకి నెలకి పది, పదిహేను వేలు. కాంట్రాక్టు లోకంలో జీతం దేనికి కడతారో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలీదు.

ఆ పెద్ద జీతాన్ని గంటల్లోకి మార్చి చూడండి. ఏడాదికి 1,50,000 డాలర్ల విదేశీ కాంట్రాక్టు అనుకుందాం. రోజుకి 12 గంటలు, వారానికి 7 రోజులు అక్కడ మామూలే. యాభై వారాలకి 4,200 గంటలు. గంటకి 36 డాలర్ల లోపే. ఇక్కడే ఉండి వారానికి 40 గంటలు పనిచేసి 80,000 తెచ్చుకునేవాడికి గంటకి 40 పడుతుంది. విదేశీ కాంట్రాక్టులో డబ్బు మిగలడానికి కారణం రేటు పెద్దది కావడం కాదు, గంటలు ఎక్కువ, ఖర్చు పెట్టే చోటు లేదు, పన్ను తక్కువ. యుద్ధరంగంలో సైనికుడు కూడా పన్నెండు గంటలే చేస్తాడు, అతనికి ఓవర్‌టైమ్ ఉండదు అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పన్ను సంగతి కాస్త ఆగి చూడాల్సిందే. విదేశంలో సంపాదించిన ఆదాయానికి ఫెడరల్ పన్ను మినహాయింపు ఉంది, 2025లో 1,30,000 డాలర్ల దాకా. దానికి వరుసగా పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు విదేశంలో ఉండాలి. యుద్ధ ప్రాంతాల్లో సేనలకి సాయంగా పనిచేసే కాంట్రాక్టర్లకి, అమెరికాలో ఇల్లున్నా ఇది వర్తించేలా 2018లో చట్టం సవరించారు. మన లెక్కలో 1,50,000 తెచ్చుకున్నవాడు షరతు నెరవేరిస్తే ఆదాయపు పన్ను చాలా కొద్దిగా కడతాడు, 11,475 డాలర్ల సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత మాత్రం తప్పదు. నెరవేరకపోతే? ఐదో నెలలో కాంట్రాక్టు ఆగిపోయి ఇంటికి పంపేస్తే మినహాయింపు చేజారిపోవచ్చు, వచ్చినదంతా మామూలు పన్ను కిందికి వస్తుంది. నెలనెలా పూర్తి డబ్బు ఖర్చు పెట్టేసినవాడికి ఏప్రిల్లో పన్ను కట్టేటప్పుడు చుక్కలు కనిపిస్తాయి. కనీసం మొదటి పది నెలలు పన్ను డబ్బు పక్కన పెట్టడం మేలు.

ఇదే యుద్ధ ప్రాంతంలో ఎన్‌లిస్టెడ్ సైనికుడికి ఆ నెలల జీతమంతా ఫెడరల్ పన్ను లేనిదే. ఒక్క రోజు అక్కడున్నా ఆ నెల మొత్తానికి వర్తిస్తుంది. 330 రోజుల లెక్క లేదు. ప్రమాద భత్యం నెలకి 225 డాలర్లు, పొదుపు పథకంలో 10,000 దాకా 10 శాతం వడ్డీ. ఇవన్నీ కలిపినా కాంట్రాక్టర్ జీతానికి దగ్గరికి రాదు. కానీ ఇంటికి తిరిగొచ్చిన మర్నాడు కూడా సైనికుడికి జీతం పడుతుంది.

ఆ చివరి మాటే అసలు తేడా. ప్రభుత్వం తన సౌలభ్యం కోసం కాంట్రాక్టుని ఎప్పుడైనా ఆపేయొచ్చు, చాలా కాంట్రాక్టులు ఒక్కో ఏడాదికే పొడిగిస్తారు. 2011 చివర్లో ఇరాక్ నుంచి, 2021 ఆగస్టులో ఆఫ్ఘనిస్తాన్ నుంచి సేనలు వచ్చేశాయి. అంతకు ముందు దాకా బంగారంలా చూసిన దరీ, పష్తో మనుషులకి డిమాండ్ ఒక్కసారిగా పడిపోయింది. అదే భాషలు నేర్చుకున్న సైనికులని వేరే పనికో వేరే భాషకో మార్చారు. మరో మార్పు కూడా జరుగుతుంది. ఒక కంపెనీ చేతి నుంచి కాంట్రాక్టు ఇంకో కంపెనీకి వెళ్ళినప్పుడు అదే కుర్చీలో అదే మనిషిని తక్కువ జీతానికి మళ్ళీ రాయమంటారు. ఏ కంపెనీ తక్కువకి పాడుకుందో దానికే పని దక్కుతుంది కాబట్టి ఆ తగ్గింపు ఎవరి జీతంలోంచి వస్తుందో చెప్పక్కర్లేదు.

దెబ్బ తగిలితే ఏంటి? విదేశాల్లో ప్రభుత్వ కాంట్రాక్టుల మీద పనిచేసేవాళ్ళకి 1941 నాటి డిఫెన్స్ బేస్ చట్టం కింద కంపెనీ బీమా చేయించాలి. వైకల్యం వస్తే సగటు వారపు వేతనంలో మూడింట రెండు వంతులు, ఒక పరిమితి దాకా ఇస్తారు. బీమా కంపెనీతో కొట్లాడి తెచ్చుకోవాల్సి రావచ్చు. సైనికుడికి వెటరన్స్ (మాజీ సైనికుల) శాఖ ఉంది. అక్కడా ఆలస్యాలు ఉంటాయి గానీ జీవితాంతం వైద్యం, పన్ను లేని వైకల్య భత్యం ఉంటాయి. ఆరోగ్యం విషయంలో సైన్యానిదే పైచేయి అని సందేహం లేకుండా చెప్పగలను.

దేశంలోనే ఉండి చేసే కాంట్రాక్టు

ప్రమాదం వద్దు, పిల్లల్ని వదిలి వెళ్ళలేను అనేవాళ్ళకి ఇంకో దారుంది. ఎఫ్‌బీఐ తన పనికి కాంట్రాక్టు భాషా నిపుణులని గంటల లెక్కన పెట్టుకుంటుంది. జాతీయ వర్చువల్ అనువాద కేంద్రం 2003 నుంచి ప్రభుత్వ సంస్థలకి దేశమంతటా ఉన్న అనువాదకులతో పని చేయిస్తోంది. పౌరసత్వం, టాప్ సీక్రెట్ స్థాయి విచారణ, ఎఫ్‌బీఐకైతే పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే పరీక్ష) కూడా. ఒప్పుకుంటే ఊరు మారకుండా పని.

ఇక్కడ జీతం చూసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: నేను ఉద్యోగినా, స్వయం ఉపాధి మనిషినా? డబ్ల్యూ-2 (ఉద్యోగులకిచ్చే పన్ను పత్రం) మీద పనిచేస్తే కంపెనీ సగం సోషల్ సెక్యూరిటీ కడుతుంది. 1099 (స్వయం ఉపాధి వాళ్ళకిచ్చేది) మీదైతే మొత్తం 15.3 శాతం మీదే. సెలవు లేదు, బీమా లేదు, వారానికి ఇన్ని గంటలిస్తామన్న హామీ కూడా ఉండదు. గంటకి 40 డాలర్ల 1099 పని, గంటకి 30 డాలర్ల డబ్ల్యూ-2 పని కంటే మెరుగని గుడ్డిగా అనుకోవద్దు. వారానికి పన్నెండు గంటలే దొరికితే అది పక్క ఆదాయం మాత్రమే. అలా చూసుకుంటే మంచిదే, ఇంకో ఉద్యోగం ఉన్నవాళ్ళకి నేను గట్టిగా చెప్తాను. దాని మీదే ఇల్లు గడవాలంటే కష్టం.

క్లియరెన్స్ లేకుండా మామూలు పత్రాలు మాట లెక్కన అనువదించే పనుల్లో రేట్లు యంత్ర అనువాదం దెబ్బకి నలిగిపోతున్నాయి. యంత్రం చేసినదాన్ని సరిదిద్దమని సగం రేటుకి ఇస్తున్నారు. క్లియరెన్స్ పనిలో ఈ ఒత్తిడి నెమ్మదిగా వస్తోంది. గోలగా ఉన్న రేడియో సంభాషణ, యాస, సగం మాటలు, వెటకారం తేల్చడానికి ఇంకా మనిషే కావాలి.

క్లియరెన్స్ గురించి మనవాళ్ళకి ప్రత్యేకంగా

విచారణకి ముందు నింపే ఎస్ఎఫ్-86 ఫారం పొడవు చూసి సగం మంది భయపడతారు. విదేశాల్లోని బంధువులు, అక్కడి బ్యాంకు ఖాతాలు, మీ పేరున ఉన్న పొలం, ఇల్లు, విదేశీ ప్రయాణాలు అన్నీ రాయాలి. అమ్మానాన్నలు ఇండియాలో ఉండటం దానంతటది అనర్హత కాదు. దాచడమే అనర్హత. తాతగారి ఆస్తిలో ఉమ్మడిగా పేరుంటే, దాని విలువ ఎంతో మీకే సరిగ్గా తెలియకపోయినా, రాసెయ్యాలి. విదేశీ సంబంధాలు ఎక్కువున్నవాళ్ళకి విచారణ నెలల తరబడి సాగుతుంది. కాంట్రాక్టు కంపెనీ ఆ కాలానికి సాధారణంగా జీతం ఇవ్వదు, షరతులతో ఆఫర్ లెటర్ ఇచ్చి వేచి ఉండమంటుంది. సైన్యంలో మాత్రం శిక్షణ జరుగుతూ ఉండగా, జీతం పడుతూ ఉండగా విచారణ నడుస్తుంది.

గ్రీన్ కార్డుతో ఉన్నవాళ్ళకి పెద్ద జీతాల కాంట్రాక్టులు అందవు. సైన్యంలో చేరొచ్చు, సర్వీసు మీద పౌరసత్వం త్వరగా తెచ్చుకోవచ్చు, కానీ పౌరసత్వం వచ్చేదాకా క్లియరెన్స్ కావాల్సిన భాషా ఉద్యోగాలు దక్కవు. ఆర్మీలో పుట్టుకతో భాష వచ్చినవాళ్ళ కోసం దుబాసీ ఉద్యోగం వేరుగా ఉంది, 09ఎల్ అంటారు. ఇరాక్ యుద్ధం మొదలైన 2003లో ప్రయోగంగా పెట్టారు. వీసాల మీద ఉన్నవాళ్ళని భాష కోసం తీసుకున్న మావ్ని పథకం 2016లో ఆగిపోయింది. హిందీ, ఉర్దూ, పంజాబీ తెలిసినవాళ్ళకి కూడా అది అప్పట్లో తలుపు తెరిచింది. పాత వీడియోలు చూసి హెచ్-1బీ మీద చేరొచ్చని ఇప్పుడు కూడా అడిగేవాళ్ళున్నారు, ఆ దారి మూసుకుంది.

మరి ఎవరు ఎటు

పందొమ్మిది నుంచి ఇరవై ఐదేళ్ళ మధ్య ఉండి, పౌరసత్వం ఉండి, డిమాండ్ ఉన్న భాష రాకపోతే సైన్యమే. కాంట్రాక్టు కంపెనీ మీ వైపు చూడదు కాబట్టి ఇక్కడ పోలికే లేదు. ఒప్పందంలో భాషా ఉద్యోగం కోడ్ రాసి ఉందో లేదో చూసి సంతకం పెట్టండి, మౌఖిక హామీలకి విలువ లేదు. మొత్తం బాధ్యత ఎనిమిదేళ్ళని, అందులో క్రియాశీల సర్వీసు పోగా మిగిలినది రిజర్వ్ జాబితాలో గడుస్తుందని గుర్తుంచుకోండి.

ఆ ఒప్పందం పూర్తయినవాళ్ళ ముందే అసలైన ఎంపిక ఉంటుంది. టాప్ సీక్రెట్ చేతిలో ఉంది, భాష ఉంది, ఆరేళ్ళ అనుభవం ఉంది. మళ్ళీ ఒప్పందం రాస్తే రీఎన్‌లిస్ట్‌మెంట్ బోనస్. బయటికొస్తే కాంట్రాక్టు జీతం లేదా ప్రభుత్వ పౌర ఉద్యోగం. ఇక్కడ నా ఓటు బయటికే, ముఖ్యంగా ఫోర్ట్ మీడ్ చుట్టుపక్కల పని దొరికేవాళ్ళకి. బయటికొచ్చాక రెండేళ్ళు దాటితే క్లియరెన్స్ మళ్ళీ తెచ్చుకోవాల్సి రావచ్చు కాబట్టి ముందు చదువు, తర్వాత ఉద్యోగం అనుకునేవాళ్ళు జాగ్రత్త. చదువుకుంటూనే క్లియరెన్స్ బతికుండేలా ఏదో ఒక చిన్న కాంట్రాక్టో, రిజర్వ్ సర్వీసో పట్టుకోవాలి. పన్నెండేళ్ళు దాటినవాళ్ళు మాత్రం మిగతా ఎనిమిదీ పూర్తి చేయడమే లాభం, అప్పుడు పెన్షన్ లెక్కలోకి వస్తుంది.

నలభై దాటి, పౌరసత్వం ఉండి, ఇంటి భాషగా డిమాండ్ ఉన్న భాష వచ్చినవాళ్ళకి కాంట్రాక్టే. పిల్లలు పెద్దవాళ్ళై, అప్పులు తీర్చాలన్న స్పష్టమైన లక్ష్యం ఉంటే ఒక్క ఏడాది విదేశీ కాంట్రాక్టు బాగా పనికొస్తుంది. వెళ్ళే ముందు టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్ లాంటి చోట వైద్య, దంత పరీక్షలు జరుగుతాయి. షుగర్, బీపీ అదుపులో లేకపోతే అక్కడి నుంచే వెనక్కి పంపేస్తారు. ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఆ పరీక్షలు దాటాకే ఇవ్వడం మంచిది, వీలుంటే సెలవు పెట్టి వెళ్ళండి.

ఇక ఎవరూ పెద్దగా చెప్పుకోని మధ్య దారి నేషనల్ గార్డ్, రిజర్వులు. యూటా గార్డ్‌లోని 300వ మిలిటరీ ఇంటెలిజెన్స్ బ్రిగేడ్ దాదాపు మొత్తం భాషా నిపుణుల దళమే. నెలకో వారాంతం, ఏడాదికో రెండు వారాలు సైన్యం. మిగతా రోజుల్లో అదే క్లియరెన్స్‌తో పౌర కాంట్రాక్టు. భాషా బోనస్‌కి రిజర్వు వాళ్ళు కూడా అర్హులే, వైద్య బీమా తక్కువ ప్రీమియంతో దొరుకుతుంది, కాంట్రాక్టు పోయినా క్లియరెన్స్ నిలుస్తుంది. యూనిఫాం అసలు వద్దనుకునేవాళ్ళకి జాతీయ భాషా సేవా దళం ఉంది. అందులో పేరు నమోదు చేసుకుంటే అవసరమైనప్పుడు పిలుస్తారు, పనిచేసిన రోజులకి తాత్కాలిక ప్రభుత్వ ఉద్యోగిగా జీతమిస్తారు, వద్దనుకుంటే కాదనొచ్చు.

విదేశీ కాంట్రాక్టు ఆఫర్ చేతికొస్తే సంతకానికి ముందు కంపెనీని ఇవి రాతపూర్వకంగా అడగండి: మూల జీతం ఎంత, ప్రమాదం, కష్టం పేరుతో కలిపేది ఎంత, ఆ ప్రాంతం హోదా మారితే ఏది ఆగిపోతుంది; కాంట్రాక్టు మధ్యలో ఆగితే తిరుగు టిక్కెట్టు ఎవరిది; ఏడాది పూర్తయితేనే ఇస్తామన్న బోనస్, ప్రభుత్వమే ముందుగా పంపేస్తే ఇస్తారా ఇవ్వరా; సెలవు మీద ఇంటికొచ్చిన రోజులకి జీతం ఉందా. ఆ సెలవు రోజులు 330 లెక్కలోంచి పోతాయి. పన్నెండు నెలల్లో 35 రోజులకి మించి విదేశం బయట గడిపితే మినహాయింపు పోయినట్టే, కాబట్టి టిక్కెట్లు కొనేముందే క్యాలెండర్ దగ్గర పెట్టుకొని కూర్చోండి.